ఉత్తరం గ్యాలరీ గేటు

“తాళంచెవి ఎవరి దగ్గరుంటుందండీ?” అని ఆయన రెండోసారి అడిగారు.

స్టేడియం మేనేజరు మొదటిసారి వినిపించుకోలేదు. ఈసారి విని, ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. “గేటు మనిషి దగ్గర,” అన్నాడు.

“ఆట జరిగేటప్పుడు ఆ మనిషి ఎక్కడుంటాడు?”

“ఎక్కడో ఉంటాడు. వాడూ మ్యాచ్ చూడాలి కదండీ.”

అడిగినాయన నగరపాలక సంస్థలో లా ఆఫీసరు. ఏ కాగితం చేతికిచ్చినా ముందు “జాగ్రత్తండీ” అని, ఆ తర్వాతే చదవడం మొదలుపెడతారు కాబట్టి ఆఫీసులో ఆయన్ని జాగ్రత్తగారు అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు. ఆయన ఏమీ అనకపోయేసరికి ఎదురుగానే అనడం అలవాటు చేసుకున్నారు. స్టేడియం నగరపాలక సంస్థది, అందులో ఆడే ఫుట్‌బాల్ జట్టు ఒక క్లబ్బుది. పాత లీజు గడువు అయిపోవచ్చింది, కొత్తది రాసుకోవాలి. బేరం కుదిరితే పేరు మేయరుగారికి, చెడితే తిట్లు ఎవరో ఒకరికి. ఆ ఎవరో ఒకరు తాము కాకుండా పెద్దవాళ్ళంతా మొహం చాటేస్తే, ఫైలు దొర్లుకుంటూ వచ్చి జాగ్రత్తగారి బల్ల మీద ఆగింది. లీజు రాసుకునే ముందు రెండు పక్షాలవాళ్ళూ కలిసి ఆస్తిని చూసుకోవడం పద్ధతి. ఆ పొద్దున అందుకే వచ్చారు.

ఉత్తరం గ్యాలరీ అంటే చవక టిక్కెట్ల గ్యాలరీ. కుర్చీలుండవు, సిమెంటు మెట్లే. గొంతు పోయేలా అరిచేవాళ్ళంతా అక్కడే కూర్చుంటారు. పైనుంచి దిగడానికి రెండు గోడల మధ్య ఇరుకు మెట్లదారి, దాని చివర ఇనప ఊచల గేటు. ఇంకో గేటు కూడా ఉండేది. దాన్ని క్లబ్బువాళ్ళు ఎప్పుడో గోడ కట్టి మూసేసి సామాన్ల గది చేసుకున్నారు. మిగిలిన ఈ ఒక్క గేటూ లోపలికే తెరుచుకుంటుంది. ఊచలకి గొలుసు వేలాడుతోంది, గొలుసుకి అరచెయ్యంత తాళం.

“ఆట మొదలవగానే వేసేస్తాం, ఆఖర్లో తీస్తాం,” అన్నాడు మేనేజరు. “లేకపోతే టిక్కెట్టు లేనివాళ్ళు తోసుకొచ్చేస్తారు. ఇది మా బుర్రలో పుట్టింది కాదండీ బాబూ. గ్యాలరీ జనమే గొడవపెట్టి మరీ వేయించుకున్నారు.”

జాగ్రత్తగారు గేటుకి లోపలి వైపు నిలబడి పైకి చూశారు. ఖాళీ మెట్లు, పైన చిన్న ముక్క ఆకాశం. ఆ ఖాళీలో జనాన్ని ఊహించుకోవడం ఆయనకేమీ కష్టం కాలేదు. భయస్తులకి ఊహలకేం కొదవ? పైన ఎక్కడో కాస్త పొగ, లేదా పొగ అని ఒకడు పెట్టిన కేక. అందరూ ఒక్కసారిగా లేచి ఈ దారిన దిగుతారు. ముందున్నవాళ్ళు గేటుని తమ వైపుకి లాక్కోవాలి. లాక్కోవడానికి వెనక అడుగు తీసి అడుగు వేసే జాగా ఉండదు. తాళం వేసి ఉంటే ఆ లాగడం కూడా ఉండదు. ప్రతి మ్యాచ్‌కీ ఆ మెట్ల మీద, మధ్య వరసలో, ఆయన అత్తగారు కూర్చుంటారు. ఆవిడ పక్కన ఆయన కూతురు కూర్చుంటుంది.

“చూశాం కదండీ, ఇక పదండి, ఎండెక్కుతోంది,” అన్నాడు మేనేజరు.

ఆయన కదలకుండా గేటు ఊచ పట్టుకుని లాగారు. అది కిర్రుమని కాస్త కదిలి ఆగిపోయింది. రెండు చేతులతో, కాలు గోడకి తన్నిపెట్టి లాగితే గానీ రాలేదు. చేతులకంటిన తుప్పుని జేబురుమాలుతో తుడుచుకుంటూ ఆయన బయటికి నడిచారు. ఎంత తుడిచినా ఆ ఎరుపు గోళ్ళ సందుల్లో ఉండిపోయింది.

*

సమావేశాల గదిలో పొడుగాటి బల్ల. ఒక వైపు జాగ్రత్తగారూ, ఎప్పుడు గదిలోంచి జారుకుందామా అని చూసే ఇద్దరు అధికారులూ. ఎదురుగా క్లబ్బు వకీలు ఒక్కతే. నడివయసు మనిషి. గొంతు పెంచదు, టీ ముట్టదు, ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోసుకుని చప్పరిస్తూ కూర్చుంటుంది. ఒప్పందం కుదిరిన పేజీ మీద ఇద్దరూ అంచున పొట్టి సంతకాలు పెట్టి పక్కన దొంతరగా పేరుస్తారు. తేలని పేజీని బల్ల మధ్యలో బోర్లా పెడతారు. మొదటి రోజు బోర్లా పడ్డవి చాలానే ఉన్నాయి. రెండో రోజుకి ఆవిడ ఒక్కొక్కటే తీసి, “సరే, మీ మాటే కానివ్వండి,” అంటూ దొంతరలో చేర్చేసింది. అద్దె పెంచడానికి ఒప్పుకుంది. పచ్చిక ఖర్చు ఒప్పుకుంది. ఆటల్లేని రోజుల్లో మైదానం బడిపిల్లలకి ఇవ్వడానికీ ఒప్పుకుంది. పక్కనున్న అధికారులిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఇంత సుళువుగా ఎవరైనా దిగొస్తారా అని జాగ్రత్తగారు మాత్రం దొంతరలోని పేజీలన్నీ మళ్ళీ మొదటినుంచి తిరగేశారు.

ఆఖరికి మధ్యలో ఒక్క పేజీ మిగిలింది. దాని మీద ఆయన స్వయంగా రాసిన వాక్యం: ఆట జరుగుతున్నంతసేపూ ఉత్తరం గ్యాలరీ గేటుకి తాళం వేయరాదు.

“ఇది తీసేయండి,” అంది వకీలు.

“ఇది తప్ప ఏదైనా అడగండి.”

“మీరడిగినవన్నీ ఇచ్చాను కదా. నేనడిగేది ఇదొక్కటే.”

“ఇంకో ఇద్దరు మనుషుల్ని గేటు దగ్గర పెట్టుకుంటే పోయేదానికి ఇంత పట్టుదల దేనికండీ? మీకూ పిల్లలున్నారు కదా.”

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. “మనుషుల్ని పెట్టడం పెద్ద లెక్క కాదు. మా యజమాని పెట్టమంటే పెడతారు కూడా. రాయడమే కుదరదు. రాశాక ఒక్క రోజు ఎవడో అలవాటు కొద్దీ తాళం వేశాడనుకోండి. ఆ రోజే ఏదో అయిందనుకోండి. రాసి ఉంటే అది మా నేరం. రాయకపోతే అది వాళ్ళ దురదృష్టం.” ఇది చెప్పేటప్పుడు ఆవిడ ఆయన మొహం వైపు కాకుండా కిటికీ వైపు చూసింది. “నేను జీతగత్తెని సార్. మీరూ అంతే.”

పక్కనున్న అధికారుల్లో ఒకరు, అగ్నిమాపక శాఖవాళ్ళు ఎటూ అనుమతి ఇచ్చారు కదా అని గొణిగారు. ఇచ్చారు, మ్యాచ్ లేని రోజున వచ్చి చూసి ఇచ్చారు. ఆ మాట జాగ్రత్తగారు అనేలోపే ఆ అధికారి లేచి ఫోను వచ్చిందంటూ బయటికి వెళ్ళిపోయారు.

వకీలు కాగితాలు సర్దుకుంటూ, “ఈ వారంలో సంతకాలు కాకపోతే జట్టుని వేరే ఊరికి తరలిస్తామని ప్రకటించమన్నారు,” అంది. బెదిరింపులా కాకుండా, రేపు వాన పడొచ్చు అని చెప్పినట్టు చెప్పింది. “జాగ్రత్తగా ఉండండి సార్. ఇది ఎలాగూ బయటికి పొక్కుతుంది. పొక్కాక జనానికి మీ పేజీలు అక్కర్లేదు, ఒక మొహం కావాలి.”

*

బల్ల దగ్గరి మాటలు బయటికి చెప్పకూడదని రెండు పక్షాలూ మొదటి రోజే రాసుకున్నాయి. క్లబ్బువాళ్ళు ఎవరికీ చెప్పకుండానే మర్నాటికల్లా ఊరందరికీ తెలిసిపోయింది. నగరపాలక సంస్థలో ఒక లా ఆఫీసరు లేనిపోని కొర్రీలు వేసి జట్టుని ఊళ్ళోంచి తరిమేస్తున్నాడట. ఎవరో పాత ఫోటో ఒకటి సంపాదించారు. అందులో జాగ్రత్తగారు తుమ్మబోయి ఆగినట్టుంటారు. ఆ మొహం ఊరంతా తిరిగింది.

పొద్దున స్కూటరు తీయబోతే సీటు అడ్డంగా చీరేసి ఉంది. వాచ్‌మన్ తనకేం తెలియదన్నాడు. రోజూ పలకరించే మందుల షాపాయన చిల్లర చేతికివ్వకుండా బల్ల మీద పడేశాడు. ఆఫీసు ఫోనుకి ఎవరో చేసి, “సార్, నమస్కారం. మీ పాప బడి ఎన్నింటికి వదుల్తారు సార్?” అని ఎంతో మర్యాదగా అడిగి పెట్టేశారు. రిసీవరు పెట్టడానికి ఆయనకి చెయ్యి రాలేదు. తిట్టి ఉంటే ఇంత భయం వేసేది కాదు. ఆ సార్ అన్న మాటే చెవిలో గింగురుమంటూ ఉండిపోయింది. భార్యకి ఫోను చేసి పాపని బడి నుంచి తనే తీసుకురమ్మన్నారు. ఎందుకని ఆవిడ అడిగితే, ఊరికే అన్నారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి హాలంతా పసుపూ నీలం గుడ్డ పరిచి ఉంది. అభిమానుల సంఘానికి జెండా కుడుతున్నారు అత్తగారు. మిషను టకటకమంటోంది. కూర్చోవడానికి కుర్చీ ఖాళీ లేదు, నడవడానికి గోడ వారన జానెడు దారి ఉంది.

“మీ ఆయన్ని గుడ్డ తొక్కొద్దని చెప్పు,” అన్నారావిడ వంటగదిలోని కూతురితో.

ఫోటో ఊరేగిన దగ్గర్నుంచి ఆవిడ అల్లుడితో మాట్లాడడం మానేశారు. చెప్పాల్సినవన్నీ కూతురి మీదుగా వెళ్తున్నాయి. పోయిన మావగారు ఆ గ్యాలరీలో కూర్చునేవారు. ఆయన పోయాక ఆ చోట ఈవిడ కూర్చుంటున్నారు. వారానికోసారి అక్కడ అరిచి వస్తే మోకాళ్ళ నొప్పులు కూడా తెలియవని అంటారు. ఆవిడకున్న ఆ ఒక్క సరదా మీదా అల్లుడే వేటు వేస్తున్నాడని పక్కింటివాళ్ళు వచ్చి చెబితే ఎలా ఉంటుంది?

జాగ్రత్తగారు గోడని ఆనుకుని పక్కకి పక్కకి నడుస్తూ మిషను దాకా వెళ్ళారు. “అత్తయ్యా, ఒక్కమాట. మీ గ్యాలరీ గేటుకి ఆట జరుగుతుంటే తాళం వేస్తారట కదా.”

మిషను ఆగింది. ఆవిడ దారం కొరికి, గుడ్డతో చెప్పినట్టు చెప్పారు. “వెయ్యక? వేయించింది మేమే. అంతకుముందు వాకిలి తీసున్న సంతలా ఉండేది. టిక్కెట్టు కొనుక్కున్నవాళ్ళం నిలబడాలి, ఊరికే వచ్చినవాళ్ళు కూర్చోవాలి. సంతకాలు చేసి ఇచ్చాం. నేనే తిరిగాను అందరి దగ్గరికీ.”

“ఏదైనా అయితే? నిప్పో, గలాటానో. అందరూ ఒక్కసారి దిగాల్సొస్తే?”

“ఇన్నేళ్ళలో ఏమయిందట? అడగవే మీ ఆయన్ని.”

ఇక అసలు సంగతి చెప్పేయాలని ఆయనకి నోటిదాకా వచ్చింది. చెబితే ఆవిడ సంఘంలో చెబుతారు, పొద్దున్నకల్లా పేపర్లో వస్తుంది, మాట తప్పిందని క్లబ్బు బేరం రద్దు చేసుకుంటుంది, ఉద్యోగం పోతుంది. ఇవన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి. ఆయన వంగి, కాలికి తగిలిన గుడ్డ అంచుని సరిచేశారు. లోపల్నుంచి పాప పరుగెత్తుకొచ్చి, “నాన్నా, జట్టు వెళ్ళిపోతే నీవల్లేనా?” అని అడిగింది. మిషను మళ్ళీ మొదలైంది.

భోజనాల దగ్గర భార్య మాత్రం, “ఏమండీ, స్కూటరు సీటు ఎలా చిరిగింది?” అని మెల్లగా అడిగింది. మేకు తగిలిందన్నారాయన. ఆవిడ నమ్మలేదు. వీధి వైపు కిటికీ తలుపులు మూసి, పాప మంచాన్ని గోడవారకి జరిపింది.

*

శుక్రవారం మధ్యాహ్నం కమిషనర్ పిలిపించారు. పై అంతస్తు గది, కిందికి చూస్తే ఆఫీసు ప్రహరీ, దాని పెద్ద గేటు, గేటు అవతల రోడ్డు. రోడ్డంతా పసుపూ నీలమే. పొద్దున పది మందితో మొదలైన ధర్నా, బజారు అంతా వచ్చి కలిసేసరికి వీధి పట్టకుండా అయింది. “లా ఆఫీసర్ బయటికి రావాలి” అని అరుస్తున్నారు. మూసిన అద్దాల్లోంచి కూడా మాట మాటా వినిపిస్తోంది.

బల్ల మీద ఆ పేజీ ఉంది. ఇక్కడ బోర్లా లేదు, మొహం పైకి పెట్టి ఉంది. పక్కన కలం. క్లబ్బు వకీలు సోఫాలో కూర్చుని ఫ్లాస్కు మూత తిప్పుతోంది.

“నేను మిమ్మల్ని బలవంతపెట్టడం లేదు,” అన్నారు కమిషనర్. చొక్కా చంకల్లో తడిసి ఉంది. “కానీ ఆలోచించండి. ఇంత మంచి లీజు ఈ ఊరికి ఎప్పుడైనా వచ్చిందా? అద్దె పెంచారు, బడిపిల్లలకి మైదానం ఇచ్చారు. అంతా మీ చలవే. ఒక్క వాక్యం కోసం అదంతా పారబోస్తామా? మేయరుగారు గంటకోసారి ఫోను చేస్తున్నారు.”

“ఆ సంతకం మీరు పెట్టండి సార్.”

“బేరమాడింది మీరు. మీ పొట్టి సంతకం లేకుండా నేనెలా పెడతాను?” ఆయన గొంతు తగ్గించారు. “నాకూ భయంగానే ఉందండీ. మీ ఒక్కరికే ఉందనుకోకండి.”

జాగ్రత్తగారు కిటికీ దగ్గరికి వెళ్ళారు. కింద వాచ్‌మన్లు గేటు మూసేసి ఊచల్లోంచి లాఠీలు చూపిస్తున్నారు. వెనకున్నవాళ్ళకి ముందేం జరుగుతోందో తెలియదు, తోసుకొస్తూనే ఉన్నారు. ముందున్నవాళ్ళు గేటుకి అతుక్కుపోయారు. ఆ అతుక్కున్నవాళ్ళలో ఒక తెల్లతల కనిపించింది. భుజాన ఆ జెండా గుడ్డే. ఒక చెయ్యి ఊచల మధ్యనుంచి ఇవతలికి వచ్చేసి ఉంది. చెంప ఇనుముకి నొక్కుకుపోయింది. ఆవిడ అరవడం లేదు. ఎప్పుడూ అందరికన్నా గట్టిగా అరిచే మనిషి నోరు తెరుచుకుని ఊరికే ఉన్నారు.

ఆయన గిర్రున వెనక్కి తిరిగారు. “గేటు తియ్యమనండి,” అన్నారు. మాట సరిగ్గా రాలేదు. “సార్, కింద గేటు తియ్యమనండి. మా అత్తగారు ఉన్నారు అక్కడ.”

“తీస్తే లోపలికొచ్చి మీదపడతారు. ఎవరు తీస్తారండీ?”

“చచ్చిపోతారు సార్ వాళ్ళు.”

“అయితే సంతకం పెట్టండి. మైకులో చెప్పిస్తాను, క్షణంలో వెనక్కి వెళ్తారు.”

వకీలు లేచి కిటికీలోంచి కిందికి చూసింది. ఆవిడ మొహంలో కూడా రంగు లేదు. “పెట్టేయండి సార్,” అంది. అది బేరంలా లేదు.

ఆయన బల్ల దగ్గరికొచ్చి ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీశారు. గీత వంకర పోయింది. గీసిన చోట అంచున పొట్టి సంతకం పెట్టారు. పెట్టేటప్పుడు ఆయన ఆ పేజీని చదవలేదు. చెవులు రెండూ కిటికీ వైపే ఉన్నాయి. మైకు గరగరలాడింది, ఎవరో ఒప్పందం కుదిరిందని చెప్పారు, కింద కేక పుట్టి వెనక్కి వెనక్కి పాకింది. జనం గంతులెయ్యడానికి జాగా కోసం వెనక్కి జరిగారు. తెల్లతల ఊచల నుంచి విడివడింది, ఒక చేత్తో గేటుని పట్టుకుని నిలబడింది. జాగ్రత్తగారు కుర్చీ వెతుక్కుని కూలబడ్డారు.

*

ఆ సాయంత్రం అత్తగారు కూతురి మీదుగా కాకుండా నేరుగా మాట్లాడారు. “అల్లుడుగారూ, కాస్త ముందే పెట్టేస్తే ఇంత రాద్ధాంతం ఉండేదా?” అంటూ తనే వడ్డించారు. ఆవిడ చెంప మీదా, మోచేతి దగ్గరా ఊచలు ఒత్తుకున్న చారలు నల్లగా తేలాయి. కూతురు మందు రాయబోతే విదిలించారు. “ఏమీ కాలేదు. ఓ నిమిషం ఊపిరందలేదు, అంతే. వెనకున్న పిల్ల వెధవలకి బుద్ధుండాలి.” అని ఇంకో ముద్ద కలుపుతూ ఆగి, ఆ ముద్ద కంచంలోనే వదిలేసి లేచారు. ఆకలి లేదన్నారు. పడుకునేటప్పుడు తన గది తలుపు ఎప్పుడూ వేసుకునే మనిషి, ఆ రోజు వేసుకోలేదు.

ఆదివారం మ్యాచ్‌కి అందరూ రావాలన్నారు. కొత్త లీజు కింద మొదటి ఆట. ఆయన రానంటే పాప ఏడ్చింది. రాకుండా ఇంట్లో ఎలా కూర్చోగలరు? వాళ్ళు అక్కడ, తను ఇక్కడ, మధ్యలో తను గీసిన గీత. అందుకే వెళ్ళారు. భార్య ఉతకాల్సిన బట్టలున్నాయని ఇంట్లో ఉండిపోయింది. దార్లో ఇద్దరు ముగ్గురు గుర్తుపట్టి భుజం తట్టారు. మొన్న చిల్లర బల్ల మీద పడేసిన మందుల షాపాయన నవ్వుతూ చెయ్యి కలిపాడు. జాగ్రత్తగారికి ఆ చేతిని ఎప్పుడు వదలాలో తెలియలేదు.

గేటు లోపలికి తెరిచి ఉంది. గొలుసు ఊచకి వేలాడుతోంది. అత్తగారూ పాపా జనంతోపాటు మెట్లెక్కి పైకి వెళ్ళారు. ఆయన వెనక నడుస్తూ నడుస్తూ గడప దగ్గర ఆగారు. చెప్పులో ఏదో గుచ్చుకున్నట్టు వంగారు. లేవలేదు. పైన విజిల్ మోగింది, గ్యాలరీ హోరెత్తింది. గేటు మనిషి తాళంచెవుల గుత్తి తీసుకుని వచ్చాడు.

“సార్, జరగండి. వేసెయ్యాలి.”

ఆయన గేటు రెక్కకి వీపు ఆనించి గడప మీద చతికిలపడ్డారు. ఇది ముందే అనుకుని చేసిన పని కాదు. కాళ్ళు అంతకన్నా ముందుకి రాలేదు, అంతే.

“లోపలికన్నా వెళ్ళండి, బయటికన్నా రండి సార్.”

“ఇక్కడే ఉంటాను. నాకు టిక్కెట్టు ఉంది.” జేబులోంచి తీసి చూపించారు.

గేటు మనిషి వెళ్ళి మేనేజర్ని పిలుచుకొచ్చాడు. మేనేజరు ఆయన్ని చూసి నవ్వబోయి ఆగాడు. “ఏంటండీ ఇది? తాళం వెయ్యకూడదన్న మాట లీజులోంచి తీసేశారు. మీరే పెట్టారు సంతకం.”

“నేనే పెట్టాను. మీ ఇష్టమే. వేసుకోండి.”

“మీరు లేస్తే కదా వేసేది.”

“నేను లేవలేనండీ.”

మేనేజరుకి ఏం చెయ్యాలో తోచలేదు. మొన్న ఊరంతా ఫోటో తిరిగిన మనిషిని, లీజు తెచ్చిపెట్టిన అధికారిని రెక్క పట్టి ఈడ్చేస్తే రేపు ఆ ఫోటో కూడా తిరుగుతుంది. ఈలోగా గేటు తెరిచి ఉందన్న వార్త రోడ్డు మీదికి పాకింది. టిక్కెట్టు లేని కుర్రాళ్ళు గుంపుగా వచ్చి నిలబడ్డారు. “బాబాయ్, కాస్త జరుగు,” అన్నాడొకడు. ఇంకొకడు కాలు ఎత్తి ఆయన్ని దాటబోయాడు. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, “టిక్కెట్టు చూపించు నాయనా,” అన్నారు. ఆ గొంతు విని వాళ్ళకి నవ్వొచ్చింది. పైనుంచి గ్యాలరీవాళ్ళు కొందరు వంగి చూసి, గేటు వెయ్యరేంట్రా, మా చోట్లు పోతాయి అని అరవడం మొదలుపెట్టారు. నీళ్ళ సీసా ఒకటి వచ్చి ఆయన పక్కన పడి పగిలింది. ముందూ జనమే, వెనకా జనమే. ఇప్పుడు లేచి పక్కకి తప్పుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఆయన రెండు చేతులతో ఊచని గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

“ఏంటిది? పరువు తీస్తారా నాది?”

అత్తగారు. పాప చెయ్యి పట్టుకుని మెట్లు దిగి వచ్చి పైమెట్టు మీద నిలబడ్డారు. ఆట సగంలో ఆవిడ లేచి రావడం ఎవరూ ఎరగరు. “లేవండి. అందరూ చూస్తున్నారు. వాళ్ళ తాళం వాళ్ళు వేసుకోనివ్వండి.”

“నాకు భయంగా ఉంది అత్తయ్యా.”

“దేనికీ?”

“మీరు లోపలుంటే.” ఆయన ఊచని పట్టుకున్న చెయ్యి చూపించారు. “మొన్న పైనుంచి చూశాను మిమ్మల్ని. మీరు అరవలేదు కూడా.”

ఆవిడ ఒక మెట్టు దిగారు. చూపు గేటు మీద పడింది. ఎన్ని వందలసార్లు దాటిన గేటో, ఇవాళే కొత్తగా చూస్తున్నట్టు కిందినుంచి పైకి చూశారు. చెయ్యి తనకి తెలియకుండానే మోచేతి మీది నల్లచార దగ్గరికి వెళ్ళింది. పైన గ్యాలరీ ఒక్కసారిగా లేచి మళ్ళీ కూర్చుంది. ఆ అదురు మెట్లలోంచి పాకి వచ్చి గేటు ఊచల్లో జిల్లుమంది. ఆవిడ వెనక్కి తిరిగి, ఆ ఇరుకు దారిని పైదాకా చూశారు. పాప చేతిని ఇంకో చేతిలోకి మార్చుకున్నారు.

“వేయించింది నేనే,” అన్నారు మెల్లగా. ఎవరితో అన్నారో తెలియదు.

తర్వాత కిందికి దిగి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, గడపకి రెండో చివర మోకాళ్ళు నొప్పెడుతున్నా మూలుగుతూ కూర్చున్నారు. కుర్రాళ్ళ వైపు వేలు చూపించారు. “ఒరేయ్, టిక్కెట్టున్నవాడు ముందుకి రండి. లేనివాడు నా కళ్ళముందు నిలబడొద్దు.” ఇందాక నవ్వినవాళ్ళు ఒకళ్ళ వెనక ఒకళ్ళు జరిగారు. “మీరు అడిగితే ఎవడు చూపిస్తాడు అల్లుడుగారూ, మీకు అరవడం చేతకాదు. మీరుండండి, నేను చూస్తాను.”

పైనుంచి ఇంకా ఎవరో అరుస్తున్నారు. ఆవిడ తల తిప్పకుండానే, “నీ చోటు ఎక్కడికీ పోదురా, నేనున్నాను ఇక్కడ, నోరుమూసుకుని ఆట చూడు,” అన్నారు. ఆ గొంతు పైదాకా వెళ్ళింది. గొంతుని గుర్తుపట్టినవాళ్ళు వెనక్కి తగ్గారు.

మేనేజరు గొలుసు చేత్తో పట్టుకుని నిలబడే ఉన్నాడు. పాప మెట్ల మధ్యలో, పైకీ కిందికీ కనిపించే చోట నిలబడి, ఎవరి దగ్గర బంతి ఉందో అమ్మమ్మకి చెబుతోంది. ఆవిడ వింటున్నారు గానీ కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. కాసేపటికి పైన కప్పు ఎగిరిపోయేలాంటి కేక లేచింది. గోలు పడింది. మెట్లన్నీ దడదడలాడాయి. ఆ దడ విన్నప్పుడు అల్లుడూ అత్తా ఇద్దరూ ఒక్కసారే గేటు ఊచలు పట్టుకున్నారు. అది సంతోషపు కేకేనని తెలిశాక కూడా వెంటనే వదల్లేదు.

“ప్రతి మ్యాచ్‌కీ ఇలాగే కూర్చుంటారా ఏంటండీ?” అన్నాడు మేనేజరు, సగం విసుగ్గా, సగం నిజంగానే తెలుసుకోవాలని.

అత్తగారు అల్లుడి వైపు చూశారు. ఆయనకి వచ్చే ఆదివారం గుర్తొచ్చింది, ఆ పై ఆదివారం, సోమవారం ఆఫీసులో కమిషనర్ మొహం. ఊచ మీంచి చెయ్యి మాత్రం తీయలేదు.

“టిక్కెట్టు కొనుక్కునే వస్తామండీ,” అన్నారు జాగ్రత్తగారు.